చివర రాసిందే చెల్లుతుంది

ఇప్పుడు మీకు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ఒక రాజ్యం ఉంది, దాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన వీరనారి ఉంది, పక్కనే కూర్చుని వెన్నుపోటు పొడిచినవాడున్నాడు, నిండుసభలో అవమానం కూడా ఉంది. గొంతు సవరించుకుని పద్యంతో మొదలుపెడదామనుకున్నాను గానీ, అబద్ధమెందుకు, ఇది గుడివాడలో ఎరువుల కొట్టు పైనున్న మేడగదిలో, బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్లని తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్‌లో, పేరుకి ఎదురుగా విలువ ఎలా రాయాలి అన్న దాని మీద జరిగిన గొడవ. నిండుసభ అంటే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికి కాలు విరిగింది.

మొన్న ఆదివారం బందరులో మా ఇంట్లో భోంచేసి నడుం వాలుద్దామనుకుంటుంటే ఫోనుకి మెసేజ్ వచ్చింది. "బావ గారికి నమస్కారం. మీరు చెప్పిన మేత బస్తాలు వచ్చాయి. తీసుకువెళ్లగలరు." నాగాయలంకలో మా నాన్న రొయ్యల చెరువుకి మేత కొనే కొట్టువాళ్లది. ఆ కొట్టాయనకీ నాకూ ఏ వైపునుంచి లాగినా చుట్టరికం అందదు. మా ఆవిడ ఫోనులోకి తొంగిచూసి, "ఎవరండీ మీకీ కొత్త బావగారు?" అంది. ఆ మాట ఆ మెసేజులోకి ఎలా వచ్చి పడిందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ నిద్రపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

ముప్పై దాటాడో లేదో అప్పుడే జ్ఞాపకాలేంటి అని నవ్వకండి. మన తరం సంగతి మీకు తెలియనిదా, ఊరికో ఇంజనీరింగు కాలేజీ వెలిసిన రోజుల్లో, ఇంటికో పట్టా చేతికొచ్చి, హైదరాబాదు హాస్టళ్లలో నీళ్ల సాంబారు తాగి, ఇంటర్వ్యూల్లో మన ఇంగ్లీషు విని వాళ్లు నవ్వితే మనమూ మర్యాదకి నవ్వి, చివరికి బస్సెక్కి ఇంటికొచ్చేసిన వాళ్లం. మన రంగంలో ముప్పై దాటడమంటే మిగతావాళ్లకి షష్టిపూర్తి. అలా దివిసీమలో మా ఊరికి తిరిగొచ్చి, మా నాన్న చెరువుగట్టు మీద, నీటికి గాలి కొట్టే చక్రాలు తిరగడం చూస్తూ కూర్చున్న నాకు, గుడివాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని దొరికింది.

చేరిన రోజే యజమాని నా భుజం మీద చెయ్యేసి, ఇక్కడ సార్లూ మేడములూ ఎవరూ లేరు, మనమంతా ఒక కుటుంబం, నన్ను బాబాయ్ అను చాలు అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. కుటుంబం అన్నచోట సెలవు అడగకూడదని అప్పటికి తెలియదు మరి. ఆయన కూతురు మాకు వరసకి తోబుట్టువు కాబట్టి, ఆమె భర్త నాకు బావ. నేను అందరికీ తమ్ముణ్ణి. ఇక అక్కడ ప్రోగ్రాములన్నీ రాసే అక్క, అందరికీ అక్కే. ఆవిడకన్నా వయసులో రెట్టింపున్న బాబాయ్ కూడా, చిన్నపిల్లల ముందు తల్లిదండ్రులు పెద్దపిల్లని అన్నట్టు, ఆవిడని అక్కా అనే పిలిచేవాడు.

అక్కది గూడూరు పక్క పల్లె. వాళ్ల నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. పెళ్లయి బందరులో కాపురం, రోజూ పొద్దున్నే ప్యాసింజరు పట్టుకుని గుడివాడ వచ్చేది. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం ఆవిడకి చేతకాదు. పిలవడమే కాదు, టైపు చేయడం కూడా చేతకాదు. ఆ అలవాటు ముందు ముందు ఏం చేసిందో చెబుతాను గానీ, అంతకంటే ముందు ఆవిడ కనిపెట్టిన యంత్రం సంగతి చెప్పాలి. భయపడకండి, వంట చేసినంత తేలిక.

మన డెల్టాలో ప్రతి కొట్టుకీ ఒక బిల్లుల సాఫ్ట్‌వేరు కావాలి. మేత కొట్టు, ఐసు ఫ్యాక్టరీ, రైసు మిల్లు, ఏదైనా లోపలి సరుకంతా ఒకటే, పేర్లూ రంగులూ చిన్న చిన్న లెక్కలూ మారతాయంతే. ప్రతిదాన్నీ మొదటినుంచి రాయలేక అక్క ఏంచేసిందంటే, ఒక నమూనా ప్రోగ్రాం తయారుచేసి, అందులో మారే చోటల్లా ఖాళీ వదిలి, ఒక్కో ఖాళీకి ఒక్కో పేరు పెట్టింది. కొత్త కొట్టు వచ్చినప్పుడు ఇంకో ఫైలు తెరిచి, ఆ పేరు రాసి, రెండు చుక్కలు పెట్టి, ఎదురుగా ఈ కొట్టుకి తగిన విలువ రాయాలి. మీట నొక్కితే ఖాళీలన్నీ నిండి, ఆ కొట్టుకి సరిపడే ప్రోగ్రాం తయారైపోతుంది. పెడనలో అద్దకంవాళ్లు అదే చెక్క అచ్చుతో ఒక గుడ్డకి ఒక రంగూ ఇంకో గుడ్డకి ఇంకో రంగూ వేస్తారు చూడు, అంతేరా, అని నాకు చెప్పింది. రోజూ రైలు పెడన మీదుగా వచ్చేది కదా, ఆ పోలిక టిక్కెట్టుతోపాటు ఉచితంగా వచ్చింది.

ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ఇలాంటి నియమాలు కమిటీలు కూర్చుని తేలుస్తాయట. మాకు కమిటీ లేదు. ఖాళీ చుట్టూ చదరపు బ్రాకెట్లే ఎందుకంటే, అక్క కీబోర్డులో మీసాల బ్రాకెట్ల మీట ఊడిపోయింది. విలువ చివర ఫుల్‌స్టాపు పెట్టాలని మొదట అనుకున్నాం, కానీ మన ప్రాంతంలో ఇంటిపేరు పొడి అక్షరాలుగా చుక్కలు పెట్టుకోనివాడెవడు? రైసు మిల్లాయన పేరు మొదటి చుక్క దగ్గరే ఆగిపోయి, బిల్లు మీద ఒకే ఒక్క అక్షరంగా అచ్చయింది. ఆయనది ఎంత పెద్ద మిల్లో, అంత పెద్ద గొడవైంది. లైను అయిపోతే విలువ అయిపోయినట్టే అని అక్క ఆ రోజే మార్చింది.

అసలు నియమం కూడా ఆ మిల్లు పుణ్యమే. ఆయనకి ఒక సంఖ్యాశాస్త్రం పండితుడు దొరికి, మిల్లు పేరుకి ముందు ఒక శ్రీ, వెనక ఒక అక్షరం, మధ్యలో ఇంకేదో, నెలకోసారి మార్పించేవాడు. ప్రతిసారీ ఫైల్లో పైకెళ్లి వెతికి దిద్దే బదులు, ఒకే పేరుకి రెండు విలువలు కనిపిస్తే కిందదే ఒప్పుకోవాలని అక్క యంత్రానికి నేర్పింది. పాతది చెరపక్కర్లేదు, కింద ఒక లైను కలిపితే చాలు. "చివర రాసిందే చెల్లుతుందిరా. మనుషులు కూడా అంతేగా, చివర ఏ మాటంటే అదే మాట" అంది. ఎంత లోతైన మాట అనుకున్నాను. మిల్లాయన మళ్లీ ఫోన్ చేశాడు, ఇంకో శ్రీ కలపాలట.

ఇక పేర్లు. ప్రపంచమంతా ఆ ఖాళీలకి ఓనరు, కస్టమరు అని ఇంగ్లీషులో పెట్టుకుంటుంది. బాబాయ్‌కి ఇంగ్లీషు ఫైలు చదవడం కష్టం, తను చదవలేనిది తన ఆఫీసులో ఉండటం ఇంకా కష్టం. అందుకని తెలుగులోనే రాయాలన్నాడు. తెలుగులో రాయమంటే అక్కకి మర్యాద అడ్డొచ్చింది. కొట్టు యజమానిని ఉత్తి యజమాని అని రాయడానికి చెయ్యి రాక ఆ ఖాళీకి బాబాయిగారు అని పెట్టింది. కొనేవాడు మనకి బావలాంటోడు, నవ్వుతూ పంపాలి అని బాబాయ్ సెలవిచ్చాడు కాబట్టి కొనేవాడి ఖాళీ బావ అయింది. ప్రోగ్రాం ఎవరు రాశారో చెప్పే చోటు ఒకటి ప్రతి ఫైల్లోనూ ఉంటుంది, అక్కడ రచన అని పెట్టి ఎదురుగా అక్క అని రాసింది. పూర్తి పేరు రాయొచ్చుగా అంటే, "అక్కంటే నేనే కదరా, ఇంకెవరున్నారిక్కడ?" అంది.

చుట్టరికాలతో వచ్చిన చిక్కు మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. అది చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది. నాకు బావ అయినవాడు బాబాయ్‌కి అల్లుడు, అక్కకి మరిది. నాగాయలంక మేత కొట్టుకి సాఫ్ట్‌వేరు ఇచ్చే రోజున బాబాయ్‌కి ఉత్సాహం వచ్చి, ఆ విలువల ఫైలు నేనే నింపుతాను లెండి అని కూర్చున్నాడు. బావ అని రాయాల్సిన చోట, పిల్లనిచ్చినవాడు బావ అని ఎలా రాస్తాడు, అల్లుడుగారు అని రాసి, ఎదురుగా కొనేవాళ్ల పేర్లుండే గడిని చూపించాడు. యంత్రం బావ కోసం వెతికింది. దొరకలేదు. విలువ దొరకని ఖాళీని ఖాళీగా వదిలేస్తే తప్పు ఎవరికీ కనపడదని, ఆ పేరునే ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యమని అక్క ముందే నేర్పి ఉంచింది. కనిపిస్తే ఎవరో ఒకళ్లు ఫోన్ చేసి తిడతారని ఆవిడ ధీమా.

ఎవరూ తిట్టలేదు. కోడూరు నుంచి ఎదురుమొండి రేవు దాకా ప్రతి రైతుకీ బావ గారికి నమస్కారం అని బిల్లులూ మెసేజులూ వెళ్లాయి, ఇంకే దేశంలోనైనా ఆ సాయంత్రమే బయటపడాల్సిన తప్పు, దివిసీమలో నెలల తరబడి మర్యాదగా చెలామణీ అయింది. మా నాన్నకి కూడా వచ్చింది, ఆయన కొట్టాయన్ని తిరిగి బావా అని పిలవడం మొదలుపెట్టాడు. తీరా అక్క చూసుకుని, తల పట్టుకుని, సరిచేసి, ఎవరి పేరు వాళ్లకి వెళ్లేట్టు చేశాక అప్పుడొచ్చాయి ఫోన్లు. "ఏమయ్యా, మొన్నటిదాకా బావ, ఇప్పుడు పేరు పెట్టి పిలిచేంత పరాయివాణ్ణయిపోయానా? వేరే కొట్లో రెండు బస్తాలు కొన్నాననేగా?" కొట్టాయన కాళ్లావేళ్లా పడితే, అక్క తన చేత్తో తప్పుని మళ్లీ యథాస్థానంలో పెట్టింది. మొన్న ఆదివారం నాకొచ్చింది అదే.

ఇక్కడిదాకా అంతా నవ్వులే. బెజవాడ నుంచి ఒక కంపెనీ ఈ యంత్రం సంగతి విని కబురు పెట్టింది. దీన్ని కొంటాం, రాసిన మనిషిని పెద్ద ఉద్యోగంలోకి తీసుకుంటాం, ఎక్కడికీ రానక్కర్లేదు, బందరులోనే చిన్న ఆఫీసు తెరిచి ఆ మనిషి చేతికే అప్పగిస్తాం అన్నారు. బందరులోనే అన్న మాట విన్న దగ్గర్నుంచీ అక్క నేలమీద లేదు. వాళ్ల పాప లేవకముందే రైలెక్కి, పడుకున్నాక ఇల్లు చేరే మనిషి, ఆ పిల్ల తల్లిని ఆదివారం ఆదివారం వచ్చే చుట్టంలా ఎగాదిగా చూసేదట. ఇల్లు దగ్గర అని మాత్రమే కాదు. ఇది నీది, నువ్వు చేశావు, నువ్వే చూసుకో అని ఎవరైనా ఒకళ్లు అనడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. బందరు బచ్చుపేటలో గదులు అద్దెకున్నాయేమో చూడరా అని నాకు చెప్పింది, కిటికీ ఉండాలట.

అదే రోజుల్లో బాబాయ్ అల్లుడు, అదే మా బావ, చెరువుల్లో రొయ్యలు తెల్లమచ్చ తెగులొచ్చి పోయాయి. చెరువులు ఎండగట్టి, ఏ పనీ లేక ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాడు. కూర్చున్నవాణ్ణి ఊరికే చూడలేక, మరిదిగారూ ఇలా రండి అని అక్కే పిలిచి విలువల ఫైలు చూపించింది. ఆయనకి అందులో ఒక్క విషయం బాగా పట్టుబడింది. పైన ఏముందో అర్థం కాకపోయినా ఫరవాలేదు, కింద ఒక లైను కలిపితే చాలు.

బెజవాడ ఆయన వచ్చిన రోజు బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నల్ల సంచీ, చల్లటి ముఖం ఉన్న మనిషి ఆ వచ్చినాయన, పనిమీద తప్ప దేనిమీదా చూపు నిలపలేదు. అక్క మీట నొక్కి ఒక ఐసు ఫ్యాక్టరీ ప్రోగ్రాం ఆయన కళ్లముందే తయారుచేసి చూపించింది. ఆయన ముందుకి వంగాడు. అప్పుడు బాబాయ్ ఎంతో ప్రేమగా, "అక్కా, కిందకెళ్లి టీలు చెప్పి రామ్మా. అల్లం వేయించు" అన్నాడు. టీలు చెప్పే పని ఎప్పుడూ నాది. నేను లేవబోతే బాబాయ్ నా భుజం మీద చెయ్యేశాడు, చేరిన రోజు వేసిన చెయ్యే.

అక్క మెట్లు దిగుతుండగా బెజవాడ ఆయన అడిగాడు, దీన్ని ఎవరు రాశారని. బాబాయ్ అల్లుడి వైపు చూశాడు. బావ చొక్కా కాలరు సర్దుకున్నాడు. నేనుండబట్టలేక, "అక్క రాసిందండీ" అన్నాను.

"ఎవరి అక్క?"

నవ్వొచ్చే మాటే. కానీ ఆయన నవ్వడానికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. ఇప్పుడు టీకి వెళ్లినావిడండీ అని, ఆవిడ అసలు పేరు కూడా చెప్పాను. ఆ గదిలో ఆ పేరు వినపడటం అదే మొదటిసారి కాబట్టి, నా నోటికే అది ఎవరిదో అన్నట్టు తోచింది. బాబాయ్ పెద్దగా నవ్వేసి, "మావాడికి ఆవిడంటే అభిమానమండీ, అక్క అక్క అంటూ తిరుగుతుంటాడు" అన్నాడు. ఎందుకొచ్చిన వాదన అన్నట్టు బెజవాడ ఆయన, ప్రోగ్రాంలో 'దీని గురించి' అన్న చోట నొక్కాడు. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలతో రచన అని, ఎదురుగా బావ పూర్తి పేరు, ఇంటిపేరూ డిగ్రీతో సహా వచ్చింది. ఆ డిగ్రీ ఏదో ఈనాటికీ నాకు తెలియదు.

అక్క పైకొచ్చింది. తెర చూసింది. వంగి, ఫైలు తెరిచి, పైన రచన ఎదురుగా అక్క అని ఉన్న లైను దగ్గర ఒక్క క్షణం ఆగి, చివరిదాకా దిగి, అడుగున కొత్తగా వచ్చిన లైను చూసింది.

"బాగానే నేర్చుకున్నారండీ మరిదిగారూ" అంది. "రెండు చుక్కల తర్వాత ఖాళీ కూడా సరిగ్గా వదిలారు."

బావ ఫ్యాను వైపు చూశాడు. అక్క ఆయన్ని వదిలేసి బాబాయ్ వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, ఇది ఎవరు రాశారో మీరు చెప్పండి. మీ నోటితో ఒక్కసారి చెప్పండి చాలు."

"అదేంటమ్మా, అందరం కలిసి చేసుకున్నదేగా. మనలో మనకి నీదీ నాదీ ఏంటి? ఇంటికి చుట్టాలొస్తే కూర ఎవరొండారని చెప్పుకుంటామా?"

"చెప్పుకోరండీ. ఉప్పెక్కువైతే మాత్రం పేరు పెట్టి అడుగుతారు."

బెజవాడ ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంటి గొడవల్లో తలదూర్చకూడదన్న సంస్కారం ఉన్న మనిషిలాగున్నాడు, కాయితాల ప్రకారం వెళ్తామండీ అన్నాడు. ఫైళ్లన్నింట్లోనూ కాయితం బావ పేరే చెప్పింది, ఎందుకంటే ఫైళ్లన్నీ ఆవిడ పెట్టిన నియమమే పాటించాయి. అది తప్పని ఆవిడ చూపించడానికి మిగిలిందల్లా పైన ఉన్న అక్క అన్న మాటొకటే, అది చూపిస్తే ఎవరి అక్క అని మళ్లీ అడుగుతారు. అప్పుడే టీలు వచ్చాయి. అల్లం బాగా పడింది. అందరూ తాగారు, అక్క కూడా తాగింది, గ్లాసులు కిందకి పంపి, తన అన్నం డబ్బా సంచీలో పెట్టుకుని, మధ్యాహ్నం బండికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత న్యాయం జరిగిందా అని మీరడుగుతారు. బందరులో ఆఫీసు తెరిచారు, కిటికీ ఉంది, బావ కూర్చున్నాడు. ఏ కొట్టు ఏ మార్పు అడిగినా కింద ఒక లైను కలిపేవాడు. కలిపీ కలిపీ, ఏది దేన్ని కొట్టేస్తోందో ఎవరికీ తెలియని రోజొచ్చి, కంపెనీవాళ్లు యంత్రాన్ని పక్కనపెట్టి ఇంకేదో తెచ్చుకున్నారు. బావకి ఉద్యోగం పోయిందనుకుంటున్నారేమో, పోలేదు, ఇంకా పెద్దదిచ్చారు. కావ్యాల్లోలా భూమి చీలడం అదీ జరగలేదు. నేను ఇంకో కంపెనీలో చేరి, ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాను. మా దగ్గర ఎవరికీ ఎవరూ ఏమీ కారు, అమెరికాలో ఉన్న పెద్దాయన్ని కూడా పేరు పెట్టే పిలుస్తాం. ఏ లైను ఎవరు రాశారో, ఏ ఘడియలో రాశారో అన్నీ వాటంతటవే నమోదవుతాయి, కింద దొంగతనంగా ఒక లైను కలపడం ఎవరివల్లా కాదు. మొన్న మా జట్టులో ఒకావిడ మానేసిన సంగతి నాకు రెండు వారాల తర్వాత తెలిసింది. ఆవిడ రాసిన లైన్లన్నీ ఆవిడ పేరుతోనే పదిలంగా ఉన్నాయి. ఎందుకు మానేసిందో అడుగుదామంటే, ఆవిడని ఏమని పిలవాలో తెలియలేదు. ఏ పద్ధతి మంచిదో చెప్పమంటే చెప్పలేను. వరసలు కలిపి ముంచినవాళ్లని చూశాను, పేర్లు సరిగ్గా రాసి మర్చిపోయేవాళ్లని చూస్తున్నాను.

పోయినేడు మా చుట్టాలింట్లో విందుకి చేపలు తేవడానికి గిలకలదిండి వెళ్లి, ఐసు కోసం పక్కనే ఉన్న ఫ్యాక్టరీకి వెళితే, లోపల కౌంటరు దగ్గర అక్క కూర్చుని ఉంది. వాళ్లాయన అక్కడే సూపరువైజరు. "ఏరా, లావయ్యావు" అంది. నేను ఏడుస్తానేమో అనుకున్నాను, కానీ అప్పటికే వెనక చేపల బండివాడు జరగవయ్యా అని అరుస్తున్నాడు. అంతా మొదటినుంచీ మళ్లీ రాసుకుందట, ఒక్కతే. ఎవరూ కొనలేదు, ఆ ఒక్క ఫ్యాక్టరీలోనే నడుస్తోంది. చీటీ అడుగున రచన అని, ఆవిడ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా అచ్చయి ఉంది. ఆ పేరు ఇక్కడ రాస్తానంటే, వద్దులేరా, నీ రాతల కింద ఎవరు ఏ లైను కలుపుతారో ఏమో అంది.

ఈసారి నియమం మార్చిందట. ఒక పేరుకి ఒకసారి విలువ చెప్పాక అది ఇక మారదు, కింద ఎవరెన్ని లైన్లు రాసినా యంత్రం ఒప్పుకోదు, తను రాసినా ఒప్పుకోదు. ఎవడొస్తాడో రమ్మను అన్నట్టు చెప్పింది. ఆవిడ కళ్లలో ఆ రోజు గుడివాడలో చూడని వెలుగేదో చూశాను. తర్వాత చీటీ చేతిలోకి తీసుకుని, ఫ్యాక్టరీ ఫోన్ నంబరు మీద పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన ఇంకోటి రాసి ఇచ్చింది. పాత నంబరు ఎప్పుడో పోయిందట, మార్చడానికి వీల్లేదు. కాబట్టి అక్కడ ఐసు కావాల్సినవాళ్లు అచ్చయిన నంబరుకి కాకుండా, పక్కన పెన్నుతో రాసిన నంబరుకి ఫోన్ చెయ్యాలి.